రాత్రి రెండింటికి లేచేది ఎవరు?

ఒక స్నేహితురాలు ఈమధ్య లావుపాటి రిపోర్టు ఒకటి పంపి, "తీరిగ్గా చదివి నీకేమనిపించిందో చెప్పు" అంది. మంచాన పడ్డవాళ్ళు, మతిమరపు ముదిరినవాళ్ళు, ఒకరి ఆసరా లేనిదే రోజు గడవని పెద్దవాళ్ళు తమ పరిధిలో ఎంతమంది ఉన్నారు, వాళ్ళకి ఏమేం సేవలు అందుతున్నాయి, లోటు ఎక్కడుంది అని వాళ్ళ ఆఫీసు లెక్క తీసింది. కష్టపడ్డ సంగతి పేజీ పేజీకీ తెలుస్తోంది. మ్యాపులున్నాయి. వెయ్యిమంది వృద్ధులకి ఎన్ని పడకలు, ఇళ్ళకి వెళ్ళే నర్సులు ఎంతమంది, డే కేర్ సెంటర్లు ఎన్ని, ఒక్కో సెంటరు ఎంత దూరం, అన్నీ ఉన్నాయి. చివర్లో "లోటుపాట్లు" అని ఒక పేజీ. అందులో ప్రతి వాక్యమూ "పెంచాలి" అనే ముగుస్తుంది. పడకలు పెంచాలి, సిబ్బందిని పెంచాలి, అవగాహన పెంచాలి.

అందులో దేన్నీ కాదనలేను. కానీ మా పెద్దమ్మ ఇంట్లో నేను కళ్ళారా చూసిన లోటు ఈ పట్టికలో ఏ గడిలోనూ పట్టడం లేదు. పట్టిక ప్రకారం చూస్తే మా పెద్దమ్మ అన్నీ అమరిన మనిషి.

తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయ్యాక ఆవిడకి కట్టు మార్చడానికి ఇంటికే నర్సు వచ్చేది. నడిపించడానికి ఫిజియోథెరపిస్టు వచ్చేవాడు. పగలంతా ఆయా ఉండేది. కాస్త తేరుకున్నాక అడపాదడపా డే కేర్‌కి కూడా వెళ్ళింది. అన్ని గడుల్లోనూ టిక్కు పడుతుంది. అయినా ఏడాది తిరిగేసరికి మా అక్క, అంటే పెద్దమ్మ కూతురు, ఉద్యోగం మానేసింది. నడుం పట్టేసి బెల్టు పెట్టుకుంది. ఫోన్లో మాట్లాడుతూ మాట్లాడుతూనే కునుకు తీసేది.

ఎందుకో వాళ్ళింట్లో ఫ్రిజ్ పక్కన మేకుకి వేలాడే నోటుబుక్కు చూస్తే తెలుస్తుంది. నర్సు పెట్టమన్న పుస్తకం అది, పెన్ను దారంతో కట్టేసి ఉండేది. పగటి సంగతులు ఆయా రాసేది: బీపీ ఇంత, మాత్రలు వేసుకున్నారు, స్నానం అయింది, వాకర్‌తో గుమ్మం దాకా నడిచారు. సాయంత్రం ఆరున్నరకి ఆయా వెళ్ళిపోయాక చేతిరాత మారుతుంది. "11.40 బాత్రూం. 1.15 బాత్రూం. 2.05 లేచి కూర్చుంది, నాన్న ఇంకా రాలేదేం అని అడిగింది. 2.50 పక్క తడిసింది, దుప్పటి మార్చా. 4.30 బాత్రూం." (పెదనాన్న పోయి చాలా ఏళ్ళయింది.) పేజీలు తిప్పుతూ పోతే రాత్రి అక్షరాలు గీత మీంచి కిందికి జారిపోతుంటాయి. నర్సు వచ్చినప్పుడు పగటి రాతలు చూసి సంతకం పెట్టేది. ఆవిడని అనడానికేం లేదు, ఆవిడకి కావలసింది బీపీ.

అందుకే నాకు అనిపించేది ఇది. ఒకచోట పెద్దవాళ్ళ సంరక్షణలో లోటెంతో తెలియాలంటే సేవల జాబితా ముందేసుకుని ఏది తక్కువైందా అని చూస్తే లాభం లేదు. కొన్ని ఇళ్ళు తీసుకుని, ఆ ఇళ్ళల్లో ఇరవై నాలుగు గంటలు ఎలా గడుస్తున్నాయో చూడాలి. ఏ గంటలో ఎవరున్నారు, ఆ మనిషి లేకపోతే ఇంకెవరున్నారు అని అడగాలి. చెప్పినంత తేలిక కాదిది. చిక్కులు చాలానే ఉన్నాయి.

ఎవరి పని వాళ్ళదే

పెద్దమ్మని శుక్రవారం సాయంత్రం డిశ్చార్జ్ చేశారు. నర్సు సర్వీసు సోమవారం నుంచి అన్నారు. మంచం పక్కన పెట్టుకునే కమోడ్ కుర్చీ అద్దెకి చెప్పాం, అది మంగళవారం వచ్చింది. ఈలోగా ఏం చేయాలన్నది డిశ్చార్జ్ కాగితంలో లేదు. ఇప్పుడు రిపోర్టులో చూస్తే ఆస్పత్రి "ఉంది", ఇంటికొచ్చే నర్సు "ఉంది", సామాన్లు అద్దెకిచ్చేవాళ్ళు "ఉన్నారు". అన్నీ ఉన్నాయి, శుక్రవారం రాత్రి మాత్రం ఏవీ లేవు.

పనుల పంపకం సంగతీ అంతే. మాత్రల టైమైందని ఆయా గుర్తు చేయవచ్చు, డబ్బాలోంచి తీసి ఇవ్వకూడదు, ఏజెన్సీ రూలు. నర్సు కట్టు మారుస్తుంది, తడిసిన పక్క మార్చదు. ఫిజియో హాల్లో నడిపిస్తాడు, దారిలోనే ఉన్నా బాత్రూంలోకి తీసుకెళ్ళడు. మొదట్లో నాకు ఒళ్ళు మండేది కానీ ఆలోచిస్తే ఏ రూలూ ఊరికే పెట్టింది కాదు. పొరపాటున వేరే మాత్ర ఇస్తే బాధ్యత ఎవరిది? జారిపడితే ఎవరిది? ఎవరి హద్దు వాళ్ళు గీసుకున్నారు. ఆ హద్దుల మధ్య మిగిలిపోయిన జాగా అంతా అక్క వంతు వచ్చింది.

దీన్ని ఇంకోలా చేయలేమా అంటే చేసినవాళ్ళున్నారు. నెదర్లాండ్స్‌లో యోస్ డె బ్లోక్ అనే నర్సు 2006లో బ్యూర్ట్‌జోర్ఖ్ అనే సంస్థ పెట్టాడు. ఒక్కో పేటని పన్నెండు మందికి మించని నర్సుల జట్టు చూసుకుంటుంది. ఇంజెక్షన్ చేసే మనిషే స్నానమూ చేయిస్తుంది, పక్కింటివాళ్ళతో మాట్లాడి ఎవరు ఎప్పుడు తొంగిచూడగలరో కూడా కనుక్కుంటుంది. నర్సు చేత స్నానం చేయించడం దుబారా కదా అని ఎవరికైనా అనిపిస్తుంది. కానీ నలుగురు చేసే పని ఒకరు చేస్తే మొత్తం గంటలే తగ్గుతాయన్నది వాళ్ళ వాదన. ఎంత తగ్గాయన్న దాని మీద అక్కడా తగువులున్నాయి. నాకు నచ్చింది ఖర్చు లెక్క కాదు, "అది నా పని కాదు" అనే అవకాశం తగ్గించడం. లోటుపాట్ల రిపోర్టులో "సిబ్బంది చాలరు" అని రాయడం తేలిక. "ఉన్న సిబ్బంది పనుల మధ్య సందులున్నాయి" అని రాయాలంటే ఆ సందుల్లో నిలబడ్డవాళ్ళని వెళ్ళి అడగాలి.

"నాకేం ఇబ్బంది లేదమ్మా"

అడగడం కూడా ఓ విద్యే. మా స్నేహితురాలి రిపోర్టు కోసం సర్వే జరుగుతున్నప్పుడు ఒకపూట నేనూ వెంట వెళ్ళాను. ఎనభై దాటిన పెద్దాయన కుర్చీలో కూర్చున్నారు. ఫారం పట్టుకున్న అమ్మాయి అడిగింది.

"బట్టలు మీ అంతట మీరే వేసుకుంటారాండీ?"

"నా పనులన్నీ నేనే చేసుకుంటానమ్మా. నాకేం ఇబ్బంది లేదు."

ఆయన ఆ మాట అంటున్నంతసేపూ ఆయన భార్య ముందుకి వంగి ఆయన చొక్కా గుండీలు పెడుతోంది. అమ్మాయి "స్వయంగా" అన్న గడిలో టిక్కు పెట్టింది. ఏం చేస్తుంది మరి, ఆయన చెప్పింది అదే. ఆవిడకీ డెబ్బై దాటాయి కాబట్టి ఆవిడకీ ఓ ఫారం నింపారు, సంరక్షణ అవసరం కాగల మనిషిగా. గుండీలు పెట్టే మనిషిగా ఆవిడ పేరు ఏ ఫారంలోనూ ఎక్కలేదు.

ఆయన అబద్ధం చెప్పారని నేననుకోను. రోజూ గుండీలు పడుతూనే ఉన్నాయి, ఎవరు పెడుతున్నారన్నది ఆయనకి ప్రత్యేకంగా తోచలేదు. పైగా ముక్కూమొహం తెలియని పిల్ల ఇంటికొచ్చి "మీరు స్వయంగా మరుగుదొడ్డికి వెళ్ళగలరా" అని అడిగితే వెళ్ళలేనని ఎవరు చెప్తారు?

ఇలాంటి ప్రశ్నలకి మూలం 1963లో సిడ్నీ కాట్జ్ అనే అమెరికన్ డాక్టరు బృందం అచ్చువేసిన జాబితా. స్నానం, బట్టలు, మరుగుదొడ్డి, మంచం మీంచి లేచి కుర్చీలోకి మారడం, మలమూత్రాల అదుపు, తినడం, ఈ ఆరే. తుంటి విరిగినవాళ్ళు ఎలా కోలుకుంటున్నారో దగ్గరుండి గమనిస్తూ తయారుచేసిన జాబితా అది. కంటితో చూసి గుర్తుపెట్టడానికి పుట్టిన దాన్ని మనం నోటితో అడిగే ప్రశ్నల కింద మార్చుకున్నాం. తర్వాత 1969లో లాటన్, బ్రోడీ అనే ఇద్దరు ఫోను, బజారుపని, వంట, ఇంటిపని, బట్టలుతకడం, ప్రయాణం, మందులు, డబ్బు లెక్కలు అని ఎనిమిది చేర్చారు. ఇందులో ఓ తమాషా ఉంది. ఆడవాళ్ళకి ఎనిమిదికి మార్కులు, మగవాళ్ళకి వంట, ఇంటిపని, బట్టలుతకడం తీసేసి అయిదుకే. ఆ రోజుల్లో మగవాళ్ళు అవి చేయరు కాబట్టి చేతకాకపోవడం లోపం కాదన్నమాట. భార్య ఉన్నన్నాళ్ళూ ఆ లెక్క చక్కగా సరిపోతుంది. భార్య పోయిన మర్నాడు, అయిదుకి అయిదు తెచ్చుకున్న మనిషికి బతకడానికి కావలసిన సగం పనులు రావని తెలుస్తుంది.

అవసరం అనే మాట మీదే 1972లో బ్రిటన్‌లో జోనథన్ బ్రాడ్‌షా ఒక వ్యాసం రాశాడు. అవసరం నాలుగు రకాలన్నాడు. నిపుణులు తేల్చేది, మనిషికి లోపల అనిపించేది, నోరు తెరిచి అడిగేది, సాటివాళ్ళకి అందుతున్నదాంతో పోలిస్తే బయటపడేది. యాభై ఏళ్ళు దాటినా నాకు ఇది పాతబడ్డట్టు అనిపించదు. ఎందుకంటే మా స్నేహితురాలి రిపోర్టులో లోటుకి కొలమానంగా వాడిన వెయిటింగ్ లిస్టులు, అర్జీలు, ఫోన్ కాల్స్ అన్నీ మూడో రకమే. అడిగినవాళ్ళ లెక్క. అడగడం తెలియనివాళ్ళూ, అడిగినా లాభం లేదని ఎప్పుడో మానేసినవాళ్ళూ, అడగడానికి మొహం చెల్లనివాళ్ళూ ఉన్నచోట లిస్టు పొట్టిగా ఉంటుంది. లిస్టు పొట్టిగా ఉంది కాబట్టి అక్కడ అవసరం తక్కువని తేలుతుంది. ఏడాది తిరిగేసరికి బడ్జెట్టూ తగ్గుతుంది.

2003 ఆగస్టులో ఫ్రాన్స్‌లో ఎండలు మండిపోయినప్పుడు మామూలు లెక్క కన్నా దాదాపు 15,000 మంది ఎక్కువ చనిపోయారు. అత్యధికులు వృద్ధులు, అందులో ఒంటరిగా ఉంటున్నవాళ్ళు చాలామంది. వైద్యంలో పేరున్న దేశం, పడకలకి కొదవలేని దేశం. కాకపోతే ఆగస్టు అక్కడ సెలవుల నెల, డ్యూటీలో ఉండేవాళ్ళే తక్కువ. ఏడాది లెక్కలో కనిపించని లోటు ఒక నెలలో, నిజానికి ఒక పక్షంలో, బయటపడింది. తర్వాత 2004లో చట్టం చేసి, ప్రతి మునిసిపాలిటీ ఆసరా అవసరమైన వృద్ధుల రిజిస్టరు పెట్టాలన్నారు. ఒక సెలవురోజుని పనిరోజుగా మార్చి ఆ రాబడి వృద్ధుల కోసం, వికలాంగుల కోసం మళ్ళించారు. మంచి పనులే. కానీ ఆ రిజిస్టరులో పేరు ఉండాలంటే మనిషి తనంతట తాను రాయించుకోవాలి, లేదా తనకి అభ్యంతరం లేకపోతే ఇంకెవరైనా రాయించాలి. మళ్ళీ అడిగినవాళ్ళ లెక్కే.

గంటలు లెక్కపెట్టినా చిక్కే

గంటల లెక్క తీయాలన్నాను కదా, ఆ పని ఇదివరకే చేసి దెబ్బతిన్న దేశం ఉంది. జర్మనీ 1995లో దీర్ఘకాల సంరక్షణకి ప్రత్యేకంగా బీమా తెచ్చింది. సాయం ఎవరికి ఇవ్వాలన్నది నిమిషాల మీద నిర్ణయించేవారు. అన్నిటికన్నా కింది స్థాయికి అర్హత రావాలంటే రోజుకి కనీసం 90 నిమిషాల సాయం అవసరమై ఉండాలి. అందులో 45 నిమిషాలకి పైగా స్నానం, భోజనం, కదలడం లాంటి ఒంటి పనులకే పోవాలి. స్టాప్‌వాచీ పట్టుకుని కూర్చున్నట్టు.

దెబ్బ ఎక్కడ తగిలిందంటే మతిమరపు దగ్గర. డిమెన్షియా ఉన్న మనిషి కాళ్ళూ చేతులూ బాగానే ఆడుతుంటాయి. స్నానం తనే చేస్తాడు, తిండి తనే తింటాడు. నిమిషాలు కలిపితే ఏమీ తేలవు. కానీ ఆ మనిషిని పది నిమిషాలు ఒంటరిగా వదల్లేం. స్టవ్ వెలిగించి మర్చిపోతాడు, తలుపు తీసుకుని వెళ్ళిపోతాడు. చేతులతో చేసే పనే పని అనుకున్న లెక్కలో కన్నేసి ఉంచడానికి విలువ రాలేదు. ఏళ్ళ తరబడి వాదించుకున్నాక 2017లో నిమిషాల పద్ధతి ఎత్తేసి, మనిషి ఎంతవరకు తనంతట తాను బతకగలడన్నదాని మీద అయిదు స్థాయిలు పెట్టారు. తెలివిడి, ప్రవర్తన కూడా అందులో కలిపారు.

జపాన్‌ది ఇంకో రకం. అక్కడ 2000లో ఇలాంటి బీమా వచ్చింది. 74 ప్రశ్నలు అడిగి, ఈ మనిషికి ఎంత సేపు సంరక్షణ పడుతుందో కంప్యూటరు అంచనా వేస్తుంది. ఆ అంచనాకి ఆధారం వృద్ధుల సంస్థల్లో సిబ్బంది 48 గంటల పాటు నిమిషం నిమిషం ఏం చేశారో రాసిన లెక్క. సంస్థలో ఒక మనిషి నైట్ డ్యూటీ ముగించుకుని ఇంటికి పోయి పడుకుంటుంది. ఇంట్లో కూతురికి డ్యూటీ ముగియడమే ఉండదు. ఆ లెక్క ఈ ఇంటికి ఎలా సరిపోతుందన్న విమర్శ ఆ దేశంలోనూ వచ్చింది. అయితే ఒక మాట చెప్పుకోవాలి. రాత్రి సంగతి కూడా వాళ్ళు పట్టించుకున్నారు. 2012లో, రోజుకి పలుమార్లు కాసేపు వచ్చి వెళ్ళడం, పిలిస్తే రాత్రిపూటైనా రావడం, రెండూ కలిపిన 24 గంటల సేవ ఒకటి బీమాలో చేర్చారు. మనుషులు దొరక్క అన్నిచోట్లా నడవడం లేదు, అది వేరే సంగతి.

ఇంగ్లండ్‌లో అయితే పావుగంట విజిట్లని పెద్ద రభస జరిగింది. పావుగంటలో లేపి, కడిగి, బట్టలేసి, మాత్రలిచ్చి పరిగెత్తాలి. అరగంట కన్నా తక్కువ విజిట్లు ప్రత్యేకమైన కారణాలుంటే తప్ప పెట్టవద్దని అక్కడి జాతీయ మార్గదర్శకాలు 2015లో చెప్పాయి. రిపోర్టులో మాత్రం పావుగంటైనా గంటైనా "ఒక విజిట్" అనే పడుతుంది.

కాబట్టి గంటలు అన్నప్పుడు నేను పని చేసిన నిమిషాలని అనడం లేదు. అక్క నోటుబుక్కులో ఒక రాత్రి తీసుకుని చేతి పని కలిపితే నలభై నిమిషాలు దాటవు. జర్మనీ పాత లెక్కలో అది అన్నిటికన్నా కింది స్థాయికి కూడా చాలదు. కానీ రాత్రి పదకొండు నుంచి ఉదయం ఆరు దాకా ఆవిడ ఇల్లు దాటడానికి లేదు, గది తలుపు వేసుకోవడానికి లేదు, నిద్రమాత్ర వేసుకోవడానికి లేదు. ఎంతసేపు పని చేశారని కాకుండా ఎంతసేపు కట్టుబడి ఉన్నారని అడగాలి. అలా అడిగితే నలభై నిమిషాలు ఏడు గంటలవుతాయి.

అక్క ఒప్పుకోలేదు

ఇదంతా అక్కకి చెబితే మెచ్చుకుంటుందనుకున్నా. ఆవిడ మొహం చిన్నబుచ్చుకుంది. "మా అమ్మని నేను చూసుకోవడం లోటెలా అవుతుందిరా? ఇంకెవరో చూడాల్సింది, గతిలేక నేను చూశానన్నట్టుంది నువ్వు చెప్పేది" అంది.

ఈ మాటకి జవాబు వెతుక్కోవడానికి నాకు చాలా రోజులు పట్టింది. ఆవిడన్నది కొట్టిపారేసే మాట కాదు. కన్నకూతురు చేసే ప్రతి గంటనీ "సేవలు అందని గంట" అని రాసేస్తే, ప్రేమగా చేసే పనినీ గత్యంతరం లేక చేసే పనినీ ఒకే గాటన కట్టినట్టు. పైగా అలాంటి లెక్క చూసి ఏ ప్రభుత్వమైనా బెదిరిపోతుంది. ఇళ్ళల్లో జరిగే చాకిరీ అంతా కలిపి ఇంత లోటు అంటే, ఎలాగూ పూడ్చలేం కదా అని ఫైలు మూసేస్తారు.

అందుకని అక్కనే తిరిగి ఓ ప్రశ్న అడిగాను. "రేపు నీకు నూటమూడు జ్వరం వస్తే పెద్దమ్మ దగ్గర రాత్రి ఎవరుంటారు?" కాసేపు ఆలోచించి, "జ్వరంతోనే లేస్తా, ఇంకేం చేస్తా" అంది. నా లెక్కలో లోటంటే ఇదే. అక్క చూసుకోవడం లోటు కాదు. అక్క పడిపోతే ఎవరూ లేకపోవడం లోటు. ఈ ఒక్క ప్రశ్న ఇంటింటికీ వెళ్ళి, పెద్దవాళ్ళు లేని గదిలో, చూసుకునే మనిషిని విడిగా అడిగితే పడకల నిష్పత్తి చెప్పలేనిది తెలుస్తుంది. "మా తమ్ముడొస్తాడు" అనే ఇల్లు వేరు, "ఏజెన్సీకి ఫోన్ చేస్తే ఆ పూటకి పంపిస్తారు" అనే ఇల్లు వేరు, "జ్వరంతోనే లేస్తా" అనే ఇల్లు వేరు. మూడో రకం ఇళ్ళు ఎక్కడెక్కడున్నాయో మ్యాపు మీద పెట్టమనండి, ఆ మ్యాపుకి ఓ అర్థముంటుంది.

మా స్నేహితురాలి అభ్యంతరం ఇంకోటి. ఇలా తవ్వుకుంటూ పోతే ఇప్పటిదాకా నోరెత్తనివాళ్ళంతా క్యూ కడతారు, ఎక్కణ్ణించి తెస్తాం అంది. నిజమే, ఈ భయం కొత్తది కాదు. అమెరికాలో 1982 నుంచి 1985 దాకా దీన్ని పరీక్షించడానికే చానెలింగ్ అనే పెద్ద ప్రయోగం చేశారు. ఇంట్లోనే సాయం పెంచి, ఒక్కొక్కరికీ ఏం కావాలో చూసే మనిషిని పెడితే నర్సింగ్ హోములకి వెళ్ళేవాళ్ళు తగ్గి డబ్బు మిగులుతుందని ఆశ. డబ్బు మిగల్లేదు, ఖర్చు పెరిగింది. నర్సింగ్ హోముల వాడకం పెద్దగా తగ్గలేదు. కానీ తీరని అవసరాలు తగ్గాయి, పెద్దవాళ్ళకీ ఇంట్లోవాళ్ళకీ కాస్త ఊరట కలిగింది. బయటి సాయం వచ్చిందని కుటుంబాలు చేతులు దులుపుకోనూ లేదు. ఈ ఫలితాలని నేను ఇలా చదువుతాను: లోటు పూడిస్తే ఖర్చు తగ్గుతుందని చెప్పి ఒప్పించాలనుకుంటే ఓడిపోతాం. ఖర్చవుతుంది. ఆ ఖర్చు ఇప్పుడు ఎవరో ఒకరు పెడుతూనే ఉన్నారు, మానేసిన ఉద్యోగం రూపంలో, పట్టేసిన నడుం రూపంలో. అది ఎవరి పద్దులోనూ లేదంతే.

నన్ను నిజంగా ఇరుకున పెట్టింది మాత్రం ఆయా. ఒకసారి ఆలస్యంగా వస్తే అక్క ఎందుకని అడిగింది. వాళ్ళింట్లో మంచాన ఉన్న అత్తగారిని శుభ్రం చేసి, పక్కింటావిడకి అప్పజెప్పి వచ్చిందట. మా ఇంట్లో పగలు పన్నెండు గంటలు నిండాయంటే ఆ పన్నెండు గంటలూ వాళ్ళింట్లో ఖాళీ అయ్యాయన్నమాట. రిపోర్టులో "సిబ్బందిని పెంచాలి" అని ఉన్నప్పుడు ఆ సిబ్బంది ఎవరు, వాళ్ళ ఇళ్ళల్లో పెద్దవాళ్ళని ఎవరు చూస్తారన్న ప్రశ్న పక్కనే ఉండాలి. ఆయాల జీతాలు పెంచినా ఈ ముడి పూర్తిగా విడదు, కానీ పక్కింటావిడకి బదులు ఇంకో మనిషిని పెట్టుకునే వీలైనా కలుగుతుంది.

ఎక్కడ వెతకాలి

ఇంటింటికీ తిరిగే స్తోమత అన్ని ఆఫీసులకీ ఉండదు. అయితే చాలా సమాచారం ఇప్పటికే ఎక్కడెక్కడో పడి ఉంది, ఎవరూ వృద్ధుల సంరక్షణ కింద చూడరు. అంబులెన్సు వాళ్ళ రికార్డులు చూడండి. దెబ్బేమీ తగల్లేదు, మంచం మీంచి కిందికి జారిపోయారు, లేపడానికి మనిషి లేరు, అందుకని ఫోన్ చేశారు. ఇలాంటి కాల్స్ రాత్రిపూట ఏ పేట నుంచి వస్తున్నాయో చూస్తే చాలు, నైట్ సర్వీసు ఎక్కడ కావాలో తెలిసిపోతుంది. ఆస్పత్రుల్లో "ఇంటికి వెళ్ళొచ్చు" అని డాక్టరు రాశాక కూడా మంచం ఖాళీ చేయని పెద్దవాళ్ళు ఎంతమంది, ఎందుకు? ఏజెన్సీలు ఫోన్లో "నైట్‌కి మనుషుల్లేరండీ" అని ఎన్నిసార్లు అంటున్నాయి? ఆ మాట ఎక్కడా రాసి ఉండదు. పంపిన మనుషుల లెక్కే రాస్తారు కానీ పంపలేకపోయిన లెక్క రాయరు. లైసెన్సు ఇచ్చేటప్పుడే ఆ లెక్క కూడా నెలనెలా ఇవ్వాలని షరతు పెట్టడానికి డబ్బేమీ ఖర్చు కాదు.

ఇప్పటిదాకా చెప్పినదంతా చూసుకునే మనిషి ఒకరు ఉన్న ఇళ్ళ గురించి. ఎవరూ లేనివాళ్ళ విషయంలో ఈ పద్ధతి పనికిరాదు. రాత్రి పేజీ రాయడానికి అక్కడ రెండో మనిషే లేరు. "మీరు పడిపోతే ఎవరు" అని అడగడానికీ ఎవరూ లేరు. అంబులెన్సుకి ఫోన్ చేయగలిగినవాళ్ళ సంగతి తెలుస్తుంది, చేయలేనివాళ్ళది తెలియదు.

డెన్మార్క్‌లో 1990లలోనే దీనికి చట్టం చేశారు. 75 ఏళ్ళు దాటినవాళ్ళకి మునిసిపాలిటీయే కబురు పెట్టి, మనిషిని ఇంటికి పంపించమంటారా అని అడగాలన్నారు. అర్జీ అక్కర్లేదు, జబ్బు అక్కర్లేదు, వయసుంటే చాలు. తర్వాత వయసు హద్దులూ షరతులూ మారాయి కానీ ఎవరు ముందు అడగాలన్నది తిరగబడింది. నన్నడిగితే ఒంటరిగా ఉండే పెద్దవాళ్ళ రిజిస్టరు ఎక్కడైనా ఇలాగే ఉండాలి. పేరు ముందే ఉంటుంది, ఇష్టం లేనివాళ్ళు తీసేయించుకోవచ్చు. ఒకరి ఇంటి సంగతులు ఆఫీసుకెందుకన్న అభ్యంతరం ఉంది, దాన్ని నేను తేలిగ్గా తీసుకోను. ఒంటరిగా ఉండే ముసలివాళ్ళ చిరునామాల జాబితా దొంగల చేతిలో పడితే ఏమవుతుందో వేరే చెప్పాలా? జాబితా ఎవరు చూడొచ్చన్నది గట్టిగా కట్టడి చేయాలి. తలుపు తీసి "నాకెవరూ అక్కర్లేదు, వెళ్ళండి" అనే పెద్దాయనకి ఆ మాట అనే హక్కూ ఉండాలి. కాకపోతే ఆ "వద్దు"ని కూడా తేదీ వేసి రాసుకోవాలి, మరుసటి ఏడాది వెళ్ళి మళ్ళీ అడగడానికి.